తుపాను కాలంలో ఓడ ప్రయాణం: మందుల సంచి సిద్ధమేనా?

(రోగుల బంధువుల ఆరోగ్య అవగాహన సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

వార్డుల్లో మీ వాళ్లను చూసుకుంటూ అలసిపోయి ఉన్నా, కాసేపు ఇక్కడ కూర్చున్నందుకు సంతోషం. ఈ రోజు విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. అమెరికాలో ఓడ ప్రయాణం గురించి ఈ సిస్టరమ్మకు ఎందుకు అనుకుంటారు. కారణం ఉంది. ఈ మధ్య ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన, డాక్టరుగారు చూసి పంపాక నా బల్ల దగ్గర ఆగారు. "సిస్టరమ్మా, అమెరికా వెళ్తున్నాము. మా అమ్మాయి సెప్టెంబరులో ఓడ ఎక్కిస్తానంటోంది. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. వెళ్లవచ్చా?" అని అడిగారు. ఇలా అడిగేవారు ఈయన ఒక్కరే కాదు. తల్లిదండ్రులు వచ్చినప్పుడు పిల్లలు ఫ్లోరిడాలోని మయామీ నుంచో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో నాలుగైదు రోజుల క్రూయిజ్‌కు, అంటే విహార ఓడ ప్రయాణానికి తీసుకువెళ్తున్నారు. బహామా దీవులు, మెక్సికో తీరం చూపించి తీసుకువస్తారు. ఆగస్టు చివర, సెప్టెంబరు నెలల్లో టికెట్లు చవకగా దొరుకుతాయి. పిల్లలకు బడులు తెరిచే సమయం అది. పైగా తుపానుల కాలం.

అక్కడ హరికేన్ అనేదీ, మనం తుపాను అనేదీ ఒకటే. వెచ్చని సముద్రం మీద పుట్టి, సుడి తిరుగుతూ వచ్చే గాలివాన. గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లు దాటితే దానిని హరికేన్ అంటారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన చూసినవారు, 2014 అక్టోబరులో విశాఖపట్నంలో హుద్‌హుద్ రాత్రి గడిపినవారు మీలో ఉంటారు. మీకు నేను చెప్పనక్కరలేదు. అట్లాంటిక్ సముద్రంలో ఈ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఎక్కువ ఉధృతం. సెప్టెంబరు 10 ప్రాంతం నడిమి శిఖరం. 2019 సెప్టెంబరు 1న డోరియన్ అనే హరికేన్ గంటకు 295 కిలోమీటర్ల గాలితో బహామాలోని అబాకో దీవుల మీద విరుచుకుపడింది. 2025 అక్టోబరు 28న మెలిస్సా జమైకాను తాకింది.

"అయితే ఓడ మునిగిపోతుందా?" అని భయపడకండి. తుపాను సాధారణంగా గంటకు 15 నుంచి 25 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. పెద్ద ఓడ గంటకు 35 కిలోమీటర్లకు పైగా పోగలదు. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం రోజుల ముందే హెచ్చరికలు ఇస్తుంది. వాటిని చూసి కెప్టెన్ ఓడను దూరంగా మళ్లిస్తాడు. ఓడ తుపాను నుంచి తప్పించుకుంటుంది. కాని రేవు తప్పించుకోలేదు. రేవు మూసివేస్తే ఓడ అనుకున్న రోజుకు రాదు. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆలస్యం. ఆరోగ్యంగా ఉన్నవారికి అది ఇంకా రెండు రోజుల విహారం. రోజూ మందు వేసుకునేవారికి మాత్రం అది ప్రమాదం. ఈ రోజు నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

2017 ఆగస్టు చివరలో హార్వీ అనే హరికేన్ టెక్సాస్‌ను ముంచెత్తింది. గాల్వెస్టన్ రేవు మూతపడింది. వేలాది ప్రయాణికులతో ఓడలు సముద్రం మీదే ఉండిపోయాయి. కొన్ని న్యూ ఆర్లీన్స్ రేవుకు మళ్లాయి. అలా చిక్కుకున్నవారిలో మన దగ్గర చూపించుకునే దంపతులు ఉన్నారు. ఇంటి నుంచి ఆరు నెలల మందులు తీసుకువెళ్లారు. అయితే ఓడ ఎక్కేటప్పుడు "నాలుగు రోజులకే కదా" అని నాలుగు రోజుల మాత్రలు లెక్కపెట్టి డబ్బీలో వేసుకున్నారు. మిగతావన్నీ కూతురి ఇంట్లో అలమారాలో ఉన్నాయి. ఓడ రాదని తెలిశాక, ఆయన ఎవరికీ చెప్పకుండా బీపీ మాత్ర సగం విరిచి వేసుకోవడం మొదలుపెట్టారు. తరువాత అదీ అయిపోయింది. తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. ఓడలోని వైద్యకేంద్రానికి తీసుకువెళ్తే బీపీ 200 దాటింది. అక్కడి డాక్టరు చూసి మందు ఇచ్చారు. ప్రాణం దక్కింది. తిరిగి వచ్చాక ఆమె నాతో ఒక మాట అన్నది. "ఆయన సగం మాత్ర వేసుకుంటున్నాడని నాకు తెలిస్తే ముందే చెప్పేదాన్నమ్మా. పిల్ల కంగారు పడుతుందని దాచాడు." మన పెద్దవాళ్ల సంగతి మీకు తెలుసు. అందుకే ఈ మాటలు వాళ్లకు కాదు, ఇంట్లోవాళ్లకు చెబుతున్నాను.

ఇప్పుడు చేయవలసినవి వినండి.

మొదటిది మందులు. ప్రయాణం ఎన్ని రోజులో అన్ని రోజులకు, దానిపైన కనీసం ఇంకొక వారానికి మందులు పెట్టుకోండి. ఐదు రోజుల ప్రయాణమైతే పన్నెండు రోజుల మందులు. అవి చేతి సంచిలోనే ఉండాలి. ఓడ ఎక్కే రోజు పెద్ద పెట్టెలు ముందే తీసుకుంటారు. గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. దిగే ముందు రాత్రి కూడా పెట్టెలు గది బయట పెట్టమంటారు. మందులు పెట్టెలో ఉంటే అంతసేపూ చేతికి అందవు.

రెండవది చీటీ. మన దగ్గర కొనే మాత్రల కంపెనీ పేర్లు అక్కడివారికి తెలియవు. డాక్టరుగారి చేత మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఇంగ్లీషులో టైపు చేయించండి. గుండె జబ్బు ఉంటే పాత ఈసీజీ నకలు కూడా పెట్టుకోండి.

మూడవది ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి. గడ్డకట్టకూడదు. గదిలోని చిన్న ఫ్రిజ్ సరిగా చల్లబడకపోవచ్చు. వైద్యకేంద్రంలో పెట్టుకుంటారేమో ముందే అడగండి. సూదులు, షుగరు చూసే మిషను స్ట్రిప్పులు కూడా ఎక్కువగా ఉండాలి.

నాలుగవది, ఎవరు ఆగాలి? డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఈ కాలంలో మామూలు క్రూయిజ్ ఎక్కవద్దు. చాలా ఓడల్లో ఆ సదుపాయం ఉండదు. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రాణాంతకం. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, ఆక్సిజన్ మీద ఉన్నవారు డాక్టరుగారు ఒప్పుకుంటేనే వెళ్లాలి. గర్భం 24వ వారంలో పడితే చాలా క్రూయిజ్ కంపెనీలు ఎక్కనివ్వవు. ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు. కాని అది పెద్దాసుపత్రి కాదు. గాలివానలో హెలికాప్టరు రాలేదు.

ఐదవది ఇన్సూరెన్సు. తల్లిదండ్రులకు తీసుకునే విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. కొన్ని అమెరికా దాటితే పనిచేయవు. కాగితం పూర్తిగా చదవమని పిల్లలకు చెప్పండి. తుపానుకు పేరు పెట్టిన తరువాత పాలసీ కొంటే ఆ తుపాను నష్టం చెల్లించరు. అందుకే టికెట్టుతోపాటే కొనాలి. దారి మారినా, ఒక దీవి చూపకపోయినా టికెట్టు డబ్బు మామూలుగా తిరిగి రాదు. ఓడ మరో దేశపు రేవుకు మళ్లవచ్చు కాబట్టి పాస్‌పోర్టు, వీసా కూడా సరిచూసుకోవాలి.

ఓడలో ఉండగా మూడు జాగ్రత్తలు. తుపాను దూరంగా ఉన్నా అలలు తగులుతాయి. నడిచేటప్పుడు కమ్మీ పట్టుకోవాలి, ముఖ్యంగా స్నానాల గదిలో. పెద్దవాళ్లకు తుంటి విరిగితే ఆ కష్టం మన వార్డులో చూస్తూనే ఉన్నారు. గది కింది అంతస్తులో, ఓడ మధ్యలో ఉంటే ఊపు తక్కువ. రెండవది, వికారానికి వేసుకునే మాత్రలు చాలావరకు మత్తు కలిగిస్తాయి. గ్లకోమా, ప్రోస్టేటు సమస్య ఉన్నవారు అడగకుండా వేసుకోరాదు. షుగరు ఉన్నవారికి వాంతులైతే ఇన్సులిన్ సొంతంగా మానవద్దు, తిండి నిలవకుండా మామూలు మోతాదు పొడవనూవద్దు. షుగరు చూసి వెంటనే ఓడ డాక్టరుకు చెప్పండి. మూడవది, చేతులు సబ్బుతో కడగాలి. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్ అనే వాంతులు, విరేచనాల క్రిమికి చేతికి రాసుకునే శానిటైజరు సరిగా పనిచేయదు. నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి.

నెల మార్చుకునే వీలుంటే మార్చుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అక్కడ తుపానుల బెడద ఉండదు. ఆ నెలల్లో కుదరకపోతే అరూబా, కురసావ్ వంటి దక్షిణపు దీవులకు వెళ్లే ఓడ చూడమనండి. అవి తుపానులు ఎక్కువగా వచ్చే దారికి కొంత పక్కగా ఉన్నాయి. అయితే తిరిగి వచ్చే రేవు ఫ్లోరిడాలోనే ఉంటే ఆలస్యం అక్కడా తప్పకపోవచ్చు.

ఆ పెద్దాయనకు నేను చెప్పిన జవాబుతో ముగిస్తాను. "వెళ్లండి అయ్యా. పిల్లలతో సముద్రం చూడండి. కాని ముందు డాక్టరుగారి చేత చీటీ రాయించుకోండి. మాత్రలు తక్కువ పడితే దాచకుండా అదే రోజు అమ్మాయికి చెప్పండి." ఆయన నవ్వి, వెనక్కి వెళ్లి ఓపీ వరుసలో మళ్లీ నిలబడ్డారు. చీటీ కోసం.

మీ ఇంట్లో ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు ఉంటే, ఈ సాయంత్రమే వారి మందుల డబ్బీ తెరిచి లెక్కపెట్టండి. సందేహాలుంటే డ్యూటీలో ఉన్న ఏ సిస్టరునైనా అడగండి.