కంచమా, కత్తియా? - హెపటైటిస్-బి అంటు తీరు



ఒక యింట నొకనికి హెపటైటిస్-బి యున్నదని తెలిసినంతనే కంచము వేఱగును, చెంబు వేఱగును, పక్క అరుగుమీదికి పోవును. పసిబిడ్డను చేతికీయరు. కాని గూటిలోని గడ్డపు కత్తి మాత్రము అన్నదమ్ములందఱికి నొక్కటియే! భయపడవలసిన చోట భయము లేదు. అక్కఱలేని చోట మనిషిని వెలివేయుదురు.

కామెర్లన్నియు నొక్క తెగవి కావు. కలుషితమైన నీటివలన వచ్చునవి వేఱు, ఇది వేఱు. అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లూంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తమున గుర్తించి 1965లో ప్రకటించిన పదార్థము ఈ వ్యాధిక్రిమిదేయని పిదప తేలినది. ఆయన 1976లో నోబెల్ బహుమానమందెను.

ఈ క్రిమి రక్తమునందును, వీర్యము మొదలగు దేహద్రవములందును ఉండును. దాంపత్య సంబంధమువలనను, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించును. కంటికానని రక్తలేశమునందు సైతము, శరీరము వెలుపల ఏడు దినములైనను చావక యుండగలదు. కావున గడ్డపు కత్తి, పండ్లు తోము బ్రష్షు, గోళ్లు తీయు కత్తెర, చెవులు కుట్టు సూది, పచ్చబొట్టు సూది, ఇంజెక్షను సూది - వీనిని ఒకరివి మఱొకరు వాడరాదు. క్షౌరశాలలో క్రొత్త బ్లేడు వేయుమని యడుగుటకు బిడియము వలదు. సహపంక్తి భోజనము, కౌగిలింత, దగ్గు, తల్లిపాలు - వీనివలన నిది అంటదు.

కన్నులు పచ్చబడలేదు గదా యని నిశ్చింతగా నుండరాదు. పెక్కుమందికి ఏ లక్షణమును కానరాదు. పెద్దలకు సోకినచో నూటికి 95 మందికి పైగా కోలుకొందురు; పుట్టుకతో సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధియై నిలుచును. కొందఱికి కాలాంతరమున కాలేయము గట్టిపడును, క్యాన్సరు పుట్టును. కనుక గర్భిణికి రక్తపరీక్ష, శిశువునకు పుట్టిన 24 గంటలలో టీకా తప్పనిసరి. ఈ టీకాను జన్యుసంయోగ విధానమున దేశములో మొట్టమొదట తయారుచేసి, 1997లో తక్కువ ధరకు అందించినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ.

రోగిగల యింట మిగిలినవారు పరీక్ష చేయించుకొని, అవసరమైనవారు టీకా పొందవలెను. రోగికి వ్యాధిని అదుపున నుంచు మందులు గలవు, వైద్యుని విడువరాదు. పిదప అతని పక్క అరుగుమీదినుండి ఇంటిలోనికి, అతని కంచము పంక్తిలోనికి తిరిగి రావలెను. గ్రంథాలయమున అతడు చదివిన పుస్తకమును మఱొకరు నిస్సంకోచముగ అందుకొనవచ్చును. పుస్తకము చేతులు మారవలెను. కత్తి చేతులు మారరాదు.