ఫోను తెచ్చిన మాటలు

రైలు వచ్చినప్పుడు టిక్కెట్టు అను మాట వచ్చినది. రేడియో వచ్చినప్పుడు స్టేషను అను మాటకు మరియొక అర్థము వచ్చినది. అవి వస్తువులకు పెట్టిన పేర్లు. చేతిలో ఇమిడెడి ఫోను తెచ్చిన మాటలు వేరు. వానిలో చాలభాగము, ఫోనును విడువలేని మనిషి స్థితిని చెప్పునవే.

కెనడా దేశమువారు తయారుచేసిన బ్లాక్‌బెర్రీ ఫోను శ్రోతలలో కొందరు చూచియుందురు. దాని బొత్తాములు ఆ పేరుగల పండు గింజలను పోలియుండుటచే ఆ పేరు పెట్టిరి. ఈమెయిళ్లు అరచేతిలోనికే వచ్చి పడుచుండగా, ఉద్యోగులు భోజనముకడ సైతము దానిని విడువలేకపోయిరి. తమ అవస్థకు తామే నవ్వుకొని దానిని ‘క్రాక్‌బెర్రీ’ అనసాగిరి. క్రాక్ అనగా కొకైను మత్తుమందులో ఒక రకము. 2006లో వెబ్‌స్టర్స్ న్యూ వరల్డ్ నిఘంటువువారు ఆ ఏటి మాటగా దీనినే ఎన్నుకొనిరి. ఆ పాత ఫోనులకు సేవలు 2022 జనవరిలో నిలిచిపోయినవి; అలవాటు మాత్రము నిలువలేదు. ఫోను చూచుచు దారి చూడక నడచువానిని జర్మనీ యువకులు ‘స్మోంబీ’ అనిరి, అనగా నడిచెడి శవమని. 2015లో అది అచట యువజనుల మాటగా ఎన్నికైనది.

ఇక మన అనంతగిరి వైపు వత్తము. కోదాడ ప్రక్కనున్న ఈ మండలము 2016 అక్టోబరులో, సూర్యాపేట జిల్లాతోపాటు ఏర్పడినది. అంతకు నెల ముందే జియో రాకతో ఇంటర్నెట్టు కారుచౌక అయినది. ఈ రెంటికిని సంబంధము లేదు గాని, మాటల చరిత్రకు ఆ యేడు మంచి గట్టు. గట్టుకు ఆవలి మాట ‘మిస్డ్ కాల్ ఇయ్యి’. ఇంగ్లీషువారికది అందుకొనలేకపోయిన పిలుపు. మనవారికి అందుకొనవద్దని చేసిన పిలుపు. బస్సు దిగితినని ఒక మోత, బావికాడికి రమ్మని రెండు మోతలు. పైసా ఖర్చు లేని కబురు! ఎంత పొదుపైన భాష!

గట్టుకు ఈవల మనిషే ఫోనైనాడు. పలుకనివాడు ‘సైలెంట్ల ఉన్నడు’. చెప్పినది తలకెక్కనివానికి ‘సిగ్నల్ అందుతలేదు’. అన్నిటికి మించినది ‘ఫోను పిచ్చి’. పత్రికలవారు చరవాణి అని చక్కని పేరు పెట్టిరి. అయినను చరవాణి పిచ్చి అన్నవారిని నేనింతవరకు వినలేదు.

మన తెలుగులో పిచ్చి అను మాటకు దయ యెక్కువ. సినిమా పిచ్చి, క్రికెట్టు పిచ్చి అని నవ్వుచు చెప్పుకొందుము. అన్నము మాని, నిద్ర మాని, బడి మాని ఆటలో మునిగిన పిల్లవానినిగూడ తల్లి చుట్టములతో ‘మావోనికి ఫోను పిచ్చి’ అనియే చెప్పును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో, ఆటపై అదుపు తప్పుట ఒక రుగ్మతగా చేరినది. కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకపోవుట దాని లక్షణము. సాధారణముగా ఒక యేడాది కాలము చూచి నిర్ణయింతురు. రెండుమూడు దినములు ఫోను విడువని ప్రతి పిల్లవాడు రోగి కాడు. కాని ఆ ఇద్దరికిని మన ఇండ్లలో పేరొక్కటే.

డబ్బు పెట్టి ఆడెడి ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. అయినను ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైనవానినిగూడ ‘ఫోను పిచ్చోడు’ అనియే అందురు. పెద్దలు సప్తవ్యసనములలో లెక్కించిన జూదమే అది. ఇంటివారు పేకాట అను పాతమాటనే వాడియుండినచో, మేనమామలు మొదటి అప్పునాడే వచ్చి అరుగుమీద కూర్చుండెడివారు.