పొద్దుగూకిన యాళ్ళ ఐదున్నర ఎట్లయింది?



2022 మార్చి 1న ఇబ్రహీంపట్నానికి దగ్గర్లోని కర్ణంగూడ వద్ద ఇద్దరు రియల్టర్ల మీద కాల్పులు జరిగాయి. ఇద్దరూ చనిపోయారు. దెబ్బతిన్న కారునూ రక్తమోడుతున్న మనిషినీ చూసి జనం మొదట రోడ్డు ప్రమాదమనే అనుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు. కన్ను సగమే చూసింది, మిగతా సగం మనసు పూరించింది.

ఆ పూరింపు అక్కడితో ఆగదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించారు. కార్లు ‘ఢీకొన్నప్పుడు’ వేగమెంత అని కొందరినీ, ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత అని మరికొందరినీ అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దాలు చూశారా అన్నప్పుడు మొదటి గుంపులో 50 మందికి ఏడుగురు, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో అద్దమే పగల్లేదు.

ఒక్క ప్రశ్నకే అంత మార్పు వస్తే, పోలీస్ స్టేషన్‌లో ఏమవుతుంది? ‘పొద్దుగూకంగ బర్లను తోలుకొస్తున్న సారూ, అప్పుడు సూసిన’ అంటాడు సాక్షి. రైటర్ కాగితం మీద అది ‘సుమారు సాయంత్రం 5.30 గంటల సమయమున సదరు ముద్దాయి...’ అవుతుంది. పోలీసులు రాసుకునే ఈ వాంగ్మూలం కింద సాక్షి సంతకం ఉండదు, చట్టమే వద్దంది. ఏళ్ళు గడిచాక డిఫెన్స్ లాయరు ఆ ఐదున్నరనే పట్టుకుంటాడు. ‘అప్పుడు ఐదున్నరన్నావు, ఇప్పుడు చీకటి పడిందంటున్నావు, ఏది నిజం?’ సాక్షి నీళ్ళు నములుతాడు. తాను అనని మాటకు తానే జవాబుదారీ.

సాక్షికి ముక్కూమొహం తెలియని నిందితుడైతే గుర్తింపు పరేడ్ ఉంటుంది. జైల్లో, మేజిస్ట్రేట్ ఎదుట, అదే పోలికలున్న మనుషుల మధ్య నిందితుణ్ణి నిలబెట్టి గుర్తుపట్టమంటారు. నేరానికీ పరేడ్‌కూ మధ్యలో సాక్షి ఆ ముఖం చూసి ఉంటే పరేడ్‌కు విలువ లేదు. ప్రెస్ మీట్లలో నిందితులకు ముసుగు వేసేది అందుకే, మర్యాదకు కాదు. ఆ ముసుగు వేసేలోపే ఫొటో ఊరంతా వాట్సాప్‌లో తిరిగితే పరేడ్ వట్టి తంతు. అమెరికాలో రోనాల్డ్ కాటన్ అనే వ్యక్తి పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నది బాధితురాలు నమ్మకంగా చేసిన గుర్తింపు వల్లే. ఆ నమ్మకం తప్పని 1995లో డీఎన్‌ఏ తేల్చింది.

అయితే ఈ పరిశోధనలను పట్టుకుని సాక్షులందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఎన్నడూ చూడని ముఖాన్ని గుర్తుపట్టడం వేరు, ఎరిగిన మనిషిని పోల్చుకోవడం వేరు. మొదటిదానిలో జ్ఞాపకం తేలిగ్గా తప్పుతుంది, రెండోదానిలో అంత తేలిగ్గా తప్పదు. ఇక సమయమంటారా, గడియారం చూసుకోని మనిషి ఏ సంఘటన టైమైనా సరిగ్గా చెప్పలేడు.

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్ళో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో సాక్షులు బోనెక్కేసరికి పదేళ్ళు దాటిపోయాయి. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చావులు ఏ సమయంలో జరిగాయో, ఎక్కడ జరిగాయో, దాడి చేసింది ఎవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ఆ సాక్షులకు నిందితుల్లో చాలామంది కొత్త ముఖాలు కాదు, ఒకే ఊరివాళ్ళు. పొలాల వెంబడి ప్రాణభయంతో పరుగెత్తిన మనిషిని గంటా నిమిషమూ అడిగి, ఆ లెక్క కుదరలేదని అతను ఎరిగిన ముఖాన్ని కూడా కొట్టేయడం జ్ఞాపకం పనిచేసే తీరుకే విరుద్ధం. సాక్షి టేపు తిప్పి చూపే యంత్రం కాదని సుప్రీంకోర్టు 1983లోనే, భోగిన్‌భాయ్ కేసులో వివరంగా చెప్పింది.

మరి దారేమిటి? పోలీసులు సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేసుకోవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 2008 సవరణే చెప్పింది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత కూడా అదే అంటోంది. రెండు చోట్లా ‘చేయవచ్చు’ అనే ఉంది, ‘చేయాలి’ అని లేదు. ఈ సదస్సు ఒక్క తీర్మానమే చేయదలిస్తే, ఆ ‘వచ్చు’ను మార్చమని చేయాలి. అప్పుడు సాక్షి పొద్దుగూకంగ అన్నాడో, ఐదున్నరే అన్నాడో జడ్జి చెవులారా వినగలుగుతారు.