పసిబిడ్డల లెక్కకు పైకమెవరిది?
(ప్రసంగ పాఠము)



జనన మరణముల నమోదు సరిగా లేని దేశములలో పసిబిడ్డలెందరు చనిపోవుచున్నారో తెలియవలెనన్న తల్లినే అడుగవలెను. ఎప్పుడు కన్నది, బిడ్డ బ్రతికి యున్నదా, లేనిచో ఏ వయస్సున పోయినది? జనాభా ఆరోగ్య సర్వేలు 1984 నుండి 90కి పైగా దేశములలో ఈ ప్రశ్నలనే ఒకే తీరున అడుగుచు వచ్చినవి. అందుచేతనే నేపాలు లెక్కను నైజీరియా లెక్క ప్రక్కన పెట్టి చూడగల్గుచున్నాము. 1992-93లో మన దేశమున జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయు ఈ కోవలోనిదే. దానికిని అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థయే డబ్బిచ్చినది.

2025 ఫిబ్రవరిలో ఆ చేయి ముడుచుకొన్నది. అనేక సర్వేలు నడుమనే ఆగినవి. పిమ్మట గేట్స్ ఫౌండేషను తాత్కాలికముగా ఆదుకొన్నది, సంతోషమే. అయినను ఒక దాత పోయి మరొక దాత వచ్చుటను భద్రత అని మేమనుకొనము. ఇంటింటికి తిరుగు ఖర్చును ఆయా ప్రభుత్వములు తమ బడ్జెటులోనే పెట్టుకొనవలెను. (లెక్క నచ్చకున్న దాచిపెట్టు ప్రభుత్వములును ఉండును, అది వేరు చిక్కు.) ప్రశ్నావళి, శిక్షణ, పాత లెక్కల భద్రత ఏ ఒక్క దేశమునకును సొంతము కావు గనుక ఎవరును తమంతట ఖర్చు పెట్టరు. వాటికి మాత్రము పలు దేశములు కలిసి నిధి కట్టవలెను. ఐదేండ్లకొకమారు జరుగు సర్వే ఒక్కటి తప్పినను, పదేండ్ల పాటు ఆ పల్లెలలో పోయిన బిడ్డలను అడుగువారుండరు.