పండు తీపితో పసిపిల్లలకు చిన్న కేకులు



అరటితోట ఉన్న ఇంట గెలలు దింపిన తరువాత వ్యాపారి ఏరగా మిగిలిన చిన్న పళ్ళు కొన్ని ఎప్పుడూ ఉండును. తోట్లవల్లూరు, కొల్లిపర, కొల్లూరు లంకల వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అవి రెండు రోజులలో మచ్చ తేలును, మూడవ రోజున గేదె కుడితిలో పడును. అదే ఇంటి పసివానికి సాయంత్రము బజారు నుండి చక్కెర వేసిన కేకు వచ్చును! ఆ కేకును ఆ పండుతోనే, చక్కెర లేకుండ, ఇంట చేసికొనుట ఎట్లో చెప్పెదను. పట్టణములో దీనిని మఫిన్ అందురు. అరచేతిలో ఇమిడెడి చిన్న కేకు, అంతే.

తీపి అంతయు మాగుటలో ఉన్నది. పచ్చి అరటికాయ గుజ్జులో నూటికి సుమారు 20 పాళ్ళు పిండి పదార్థము. పండు బాగుగా మాగునప్పటికి అందులో ఒకటి రెండు పాళ్ళే మిగిలి, తక్కినది చాలవరకు చక్కెరలుగా మారిపోవును. కాబట్టి చూడముచ్చటగా పసుపుపచ్చగా ఉన్న పండు ఈ పనికి చాలదు. తొక్క మీద నల్లమచ్చలు నిండుగా తేలిన పండు కావలెను. కార్బైడు పెట్టిన పండు తొక్క రంగు తిరిగినను లోపల చప్పగానే ఉండవచ్చును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ పద్ధతిని నిషేధించినవి కూడ. చక్కెరకేళి, అమృతపాణి, కర్పూర ఏదైనను సరే. కర్పూరలోని కొద్దిపాటి పులుపు వంటసోడాతో కలిసి పిండి పొంగుటకు సాయపడును.

“మన ఇంటి బెల్లమే గదా, కొంచెము వేసిన నేమి?” అని ఇంటి పెద్దావిడ అడుగవచ్చును. చెరకు పండించు వారికి ఈ మాట రుచించదు గాని, పసివాని విషయములో బెల్లము, చక్కెర, తేనె ఒక్క తీరువే. కలిపిన చక్కెరల ద్వారా వచ్చు శక్తి రోజు మొత్తములో పదవ వంతునకు లోపు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారములో చక్కెర కలుపవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకములు చెప్పుచున్నవి. తేనె ఏడాది నిండని బిడ్డకు అసలే కూడదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజములు పసివాని పేగులలో విషము పుట్టించగలవు. బందరు లడ్డు రుచి తరువాత ఎట్లును తెలియును, తొందర లేదు.

ఇక ఓవెను లేదందురా? మందపాటి గిన్నెలో మినప పిండి పోసి, మూత మీద నిప్పులు వేసి దిబ్బరొట్టె కాల్చిన ఇళ్ళు మనవి. ఇదియు ఆ వంటకు చుట్టమే. మందపాటి, వెడల్పు గిన్నె అడుగున కడిగి ఎండబెట్టిన ఇసుక అంగుళము మందము పరచి, పైన ముక్కాలిపీట వంటిది పెట్టి, మూత వేసి పది నిమిషములు వేడి చేయండి.

ఈలోగా బాగుగా మాగిన అరటిపండ్ల గుజ్జు 300 గ్రాములు మెత్తగా నలిపి, ఒక గుడ్డు, 50 మిల్లీలీటర్ల నూనె, 75 మిల్లీలీటర్ల పెరుగు కలిపి గిలకొట్టండి. వేరొక పళ్ళెములో గోధుమపిండి 150 గ్రాములు, రాగిపిండి 50 గ్రాములు, వంటసోడా తలగొట్టిన అర టీ చెంచా కలిపి జల్లించండి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము ఉండును; మన వరి అన్నము ఈ లోటు తీర్చలేదు. రాగులు దొరకనిచో మన రెండవ పంట పెసలనే వేయించి విసరుకొనవచ్చును. రెండింటిని పొడి కనబడనంత మేరకే కలపండి. ఎక్కువ తిప్పినచో కేకు సాగును. కొత్తవారి కేకులు చెడునది చాలవరకు ఇక్కడనే. నూనె రాసిన చిన్న గిన్నెలలో ముప్పాతిక వంతు నింపి, వేడి గిన్నెలో దించి, మూత వేసి సన్నని సెగన 25, 30 నిమిషములు కాల్చండి. పుల్ల గుచ్చిన తడి అంటరాదు. పన్నెండు కేకులు వచ్చును. ఒక విడతకు పట్టనివి ఉన్నచో వెంటనే రెండవ విడత వేయండి. సోడా కలిసిన పిండి ఎక్కువసేపు ఆగదు.

మామిడి రోజులలో నూజివీడు రసాల గుజ్జు వాడవచ్చును, కాని అది పలుచన గనుక పెరుగు మానండి. తాటిపండు రొట్టె ఎరిగిన వారికి తాటి గుజ్జు సంగతి చెప్పనేల? పీచు లేకుండ వడకట్టిన చాలును.

ఆరు నెలలు నిండి, గోధుమ, గుడ్డు వేర్వేరుగా పెట్టి చూచి సరిపడినవని తెలిసిన తరువాతనే ఈ కేకు ఇవ్వండి. ఏడాది లోపు వానికి తల్లిపాలలోనో కాచిన పాలలోనో మెదిపి పెట్టవలెను. వేరుశనగ గుండ్లు, కిస్‌మిస్‌లు ముక్కలుగా వేయరాదు, గొంతుకు అడ్డుపడును. పండు తీపి కూడ పంటికి అంటునదే. తిన్న తరువాత మంచినీళ్ళు త్రాగించండి. రోజుకు ఒకటి చాలును, అన్నము పప్పు మానిపించి ఇది పెట్టవద్దు.

చక్కెర లేనందున ఇవి నిలువ ఉండవు. మన ఉక్కలో మరునాటి సాయంత్రమునకే జిగురు వచ్చును. రిఫ్రిజిరేటరు ఉన్నచో మూడు రోజులు ఆగును, వేడి చేసి పెట్టండి.