సాయము - సామర్థ్యము
(ఒక పఠనమందిర సభయందు చేసిన యుపన్యాసము)

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పరిశ్రమలనుగూర్చి రెండు విధములగు మాటలు వినవచ్చుచున్నవి. ప్రైవేటు పరిశ్రమ తన కాళ్లపై తాను నిలువవలయునే గాని సర్కారు సొమ్ముపై బ్రదుకరాదని కొందఱందురు. సర్కారు సాయము లేనిదే వెనుకబడిన సీమలో మగ్గమైనను ఆడదని మఱికొందఱందురు. సాయము చేయవలయునా, మానవలయునా యనునది మా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. ఎట్టి సాయము పరిశ్రమకు పోటీలో నిలువగల సత్తువ నిచ్చును? విచారింపవలసిన దిదియే.

నిజాము ప్రభుత్వము 1929లో పారిశ్రామిక ట్రస్టు ఫండును స్థాపించి, ప్రైవేటు మూలధనము జంకినచోట తాను వాటాలు కొని ధైర్యము కలిగించినది. ఆదిలాబాదు అడవుల వెదురును నమ్ముకొని 1938లో నెలకొల్పబడిన సిర్పూరు కాగితపు మిల్లు 1942లో కాగితము తీసినది. కొత్తపేట యను పల్లె కాగజ్‌నగరమైనది. ఆ మిల్లే 2014లో మూతపడగా కార్మిక కుటుంబములు నాలుగేండ్లు అలమటించినవి. 2018లో జె.కె. పేపరు సంస్థ దానిని చేపట్టినది. రాష్ట్రప్రభుత్వము రాయితీల నొసగినది. ఇచ్చట సర్కారు తానే కాగితమంతయు కొనెదనని మాట యీయలేదు. క్రొత్త పెట్టుబడిని రప్పించి, సరకును బజారులో నమ్ముకొను భారమును మిల్లుపైననే యుంచినది.

ఇక సిరిసిల్లను చూడుడు. అచ్చటి మరమగ్గములకు నూలు పరరాష్ట్రములనుండి రావలయును. నేసిన పాలియెస్టరు గుడ్డలో అధికభాగము అద్దకము లేకయే పచ్చిసరకుగా బయటి వ్యాపారుల చేతికి పోవును. కొనునపుడు ధర వారిది, అమ్మునపుడు ధర వారిది. నడుమ మిగిలిన కూలితో యజమాని, ఆసామి, కార్మికుడు ముగ్గురును బ్రదుకవలయును. అప్పులపాలై ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర కథలు మనమెఱుగనివి కావు.

ఇట్టి స్థితిలో 2017 మొదలు బతుకమ్మ చీరెల యుత్తరువులు సిరిసిల్లకు అన్నము పెట్టినవి. దానిని తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. కాని 2024లో ఆ యుత్తరువు నిలిచిపోగానే మగ్గములును నిలిచినవి. బకాయిలకై నేతగాండ్రు వీథి కెక్కవలసివచ్చెను. 2025లో మఱియొక పథకము క్రింద చీరెల పని మరల వచ్చినది. ఒక యుత్తరువు చేతిలో ఊరి పొయ్యి యుండుట ఎంతకాలము సాగును? ప్రభుత్వములు మారును, ఆకలి మారదు.

కొరియా దేశము 1960ల దశకమున తన కంపెనీలకు చౌకవడ్డీ అప్పులిచ్చినది. కాని పరదేశపు బజారులో సరకు నమ్మి చూపవలెనని షరతు పెట్టినది. సాయమునకు షరతు తోడైననే సామర్థ్యము పుట్టును.

కావున మేము కోరునవి నాలుగు. నూలు న్యాయమైన ధరకు స్థానికముగా దొరకవలయును. 2024లో వేములవాడకు వచ్చిన నూలు డిపో ఈ దారిలో మంచి యడుగు. అద్దకము, ముగింపు పనులు సిరిసిల్లలోనే జరుగవలయును. సర్కారు కొనుగోలు కొనసాగుచునే, బహిరంగ విపణికి తగిన రకములు నేయువారికి ఏటేట హెచ్చు ప్రోత్సాహ మీయవలయును. సాయమందు కార్మికుని కూలి వాటా లెక్క బహిరంగముగా ప్రకటింపబడవలయును. లేనిచో ప్రజాధనము యజమాని పెట్టెలోనే యాగిపోవును.

సభాసదులారా! ఈ సొమ్ము మనము కట్టు పన్నులది. ఇచ్చినదెంత యని యడుగుటతో మన విధి తీఱదు. ఉత్తరువు రాని యేటనుకూడ మగ్గ మాడుచున్నదా యని యడుగుడు. ఆడినచో సాయము ఫలించినట్లు. ఆడనిచో మన మిచ్చినది ఆ పూట కూడు మాత్రమే.