ఆమవాతము - ఉభయవైద్యములు



కీళ్లనొప్పి యనగానే మన మాకవరపాలెము ప్రాంతమున ముసలితనమని యూరకుందురు. ఆమవాతము ముసలితనము కాదు. నడివయస్సువారికిని వచ్చును, పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు హెచ్చు. ఉదయమున లేవగానే వ్రేళ్లు బిగిసి గంటసేపటికిని సడలక, రెండుచేతుల కణుపులును వాచియున్నచో దీనిని శంకింపవలయును. ఏ వైద్యునికడకు పోవలెనని యింటివారు మిమ్మే యడుగుదురు. మీరిచ్చు సమాధానముమీద ఒక గృహిణి చేతులు ఆధారపడియుండును.

మాధవకరుడు తన నిదానగ్రంథమున ఈ రోగమునకు ప్రత్యేకాధ్యాయము వ్రాసెను. జఠరాగ్ని మందగించుటచే జీర్ణముకాని రసము ఆమమై, వాతముచే కీళ్లకు చేరునని యాతని మతము. కావుననే లంఘనము, ఇసుకమూటతో కాపడము, శొంఠి, ఆముదము చికిత్సలైనవి. శరీరమును కాపాడవలసిన శక్తియే దారితప్పి కీళ్లలోని పొరను శత్రువుగా నెంచుచున్నదని ఆధునికులందురు. పరిభాష వేఱైనను, రోగమూలము కీలునందు మాత్రమే లేదనుటలో ఉభయులును ఏకీభవింతురు.

ఇక నొప్పి తగ్గుట వేఱు, కీలు నిలుచుట వేఱు. ఒకసారి తినివేయబడిన కీలును ఏ మందును పూర్వమువలె చేయజాలదు. కావున తొలినెలలు మిక్కిలి విలువైనవి.

1948లో అమెరికాయందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిసోను నిచ్చి, కదలలేని రోగిని కొలదిదినములలో నడిపించెను. 1950లో నోబెలు బహుమానమున పాలుపొందెను. కాని దీర్ఘకాలము వాడినవారికి ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట కానవచ్చెను. నేడు ప్రధానమైన మందు మెథోట్రెక్సేటు. దానిని వారమున కొక్కదినమే పుచ్చుకొనవలయును. పొరబడి ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. రక్తపరీక్షలు జరుగుచుండవలయును, గర్భిణులకు నిషిద్ధము. గుణము కనబడుటకు వారములు పట్టును. అంతవరకు ఓపికలేకయే పలువురు మానివేయుదురు.

మఱి ఆయుర్వేదము వ్యర్థమా? కాదు. కోయంబత్తూరున జరిగి 2011లో ప్రకటింపబడిన పరీక్షయందు 43 మంది రోగులకు ఆయుర్వేదము, మెథోట్రెక్సేటు, రెండును కలిపి, అని మూడు విధముల 36 వారములు చికిత్స జరిగెను. ఫలితములు ఇంచుమించు సమముగా నుండెను. అయినను అంత చిన్నసంఖ్య తుదితీర్పునకు చాలదు. అదియునుగాక అచ్చట మందిచ్చినవాడు రోగిని పరీక్షించి నిర్ణయించిన వైద్యుడు. సంతలో పొట్లములమ్మువాడు కాడు. 2004లో బోస్టను నగరపు అంగళ్లలో కొనిన 70 ఆయుర్వేదౌషధములను శోధింపగా 14టియందు సీసమో, పాదరసమో, పాషాణమో బయటపడెను.

పేరులేని పొట్లము రెండుదినములలో అద్భుతము చేసినచో సంతోషింపక సందేహింపుడు. అందు కార్టిసోను జాతి మందు కలిసియుండవచ్చును. నెలలతరబడి వాడినచో హఠాత్తుగా మానరాదు. వైద్యునికి చూపి క్రమముగా తగ్గింపవలయును.

కావున పెద్దలకు నా మనవి యిది. ముందుగా నర్సీపట్నపు ప్రభుత్వాసుపత్రికో, 1923లో వెలసిన విశాఖపట్నపు కింగ్ జార్జి ఆసుపత్రికో పంపి, రోగనిర్ణయము చేయింపుడు. కీలును నిలుపు మందును మాన్పింపకుడు. కాపడము, మితాహారము, వ్రేళ్ల వ్యాయామము దానికి తోడు కావచ్చును. ఆయుర్వేదౌషధము వాడదలచినచో, చదివిన వైద్యునివద్దనే పుచ్చుకొని, ఒకరి మందు సంగతి మఱియొకరికి దాపక చెప్పవలయును. రెండు వైద్యములకు వైరమున్నను లేకున్నను, రోగి నోరు మూసికొనుటవలననే హాని యెక్కువ.